'ఇంకా 36 మ్యాచ్‌లున్నాయిలే' గారికి

హైదరాబాద్,
28 ఆగస్టు 2025, గురువారం,
తెల్లవారుజాము 3 గంటల 40 నిమిషాలు.

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. అయితే ప్రస్తుతం కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి 'ఉభయ' తీసేసి చదువుకోగలరు.

ఇప్పుడే టీవీ కట్టేశాను. వంటింట్లో చవితి ఉండ్రాళ్లు నాలుగు మిగిలితే నిలబడే తిన్నాను. గిన్నె చప్పుడుకి మా ఆవిడ లేచొచ్చి, నా మొహం చూసి, "ఎవరికేమైందండీ?" అని కంగారుపడింది.

"గ్రిమ్స్‌బీ" అన్నాను.

"ఆవిడెవరు?" అంది.

ఏం చెప్పమంటారు? ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఒక చేపల రేవు అని చెప్పనా? అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఆడేది నాలుగో అంచె లీగ్‌లో అని చెప్పనా? వాళ్ల స్టేడియం వాళ్ల ఊళ్లో కూడా లేదు, పక్కనున్న క్లీథోర్ప్స్‌లో ఉంది. అభిమానులు గాలి ఊదిన ప్లాస్టిక్ చేపలు పట్టుకుని మ్యాచ్‌కి వస్తారు. మొదటి అంచెలో ఆడే మా మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లు ఈ వేసవిలో ముగ్గురు ఫార్వర్డ్‌ల మీద సుమారు 20 కోట్ల పౌండ్లు పోసి, ఆ చేపల చేతిలో ఓడి వచ్చారని పండగ పూట పెళ్లానికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? "ఆఫీసు గొడవలే, పడుకో" అన్నాను. అబద్ధం మీ ఖాతాలో రాసుకోండి.

గ్రిమ్స్‌బీ మీద నాకేమీ కోపం లేదు. వాళ్లు బాగా ఆడారు, చల్లగా ఉండాలి. నా తగువు మీతోనే.

మిమ్మల్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఓడిన ప్రతిసారీ అభిమాని నోట పలికే ఓదార్పు మాట మీరు. సంక్రాంతికి వచ్చిన అల్లుడైనా ముక్కనుమ దాటాక మూట సర్దుకుంటాడు. మీరు ఆగస్టులో 38 మ్యాచ్‌ల లీగ్ సీజన్‌తో దిగితే మే నెలదాకా కదలరు. వారం వారం అంకె మార్చుకోవడమే మీకు బట్టలు మార్చుకోవడం. ఈ నెల 17న సొంత మైదానంలో ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడాం. చివరి విజిల్ ఇంకా మోగుతూనే ఉంది, మీరు "37 మ్యాచ్‌లున్నాయిలే" అంటూ వచ్చి కూర్చున్నారు. 24న ఫుల్హమ్ మ్యాచ్‌లో మా కెప్టెన్ పెనాల్టీని గోల్‌పోస్టు మీదుగా ఆకాశానికి సమర్పించాడు. 1-1. మీరు కాస్త సర్దుకుని కూర్చుని "36 ఉన్నాయిలే" అన్నారు.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం మీకు తెలియనిది కాదు, అందులో సగం మందిని ఉసిగొల్పింది మీరే. ఒక వర్గం "సీజన్ పోయింది, ఇక తద్దినాలే" అంటుంది. ఒక వర్గం మీది. మూడో వర్గానికి మేనేజర్ని పీకెయ్యడం తప్ప వేరే పని లేదు. నాలుగోవాడొకడున్నాడు, ఎక్స్‌జీ అని లెక్కలు పెడతాడు. దొరికిన అవకాశాలకి 'రావలసిన గోల్స్' అట. ఊళ్లో వడ్డీకి తిప్పేవాడి ఖాతా పుస్తకం లాంటిదే అదీ: రావలసింది కొండంత, వచ్చింది సున్నా.

మా బావ ఆర్సెనల్ అభిమాని. అయినా మా గ్రూపులోనే ఉంటాడు, చుట్టంచూపుగా. "ఆదిలోనే హంసపాదు రా బామ్మర్దీ" అని పెట్టాడు. దానికి నేనేం రాశానో గుర్తుందా? "బావా, హంసపాదు అంటే తప్పు కాదు. రాతలో అక్షరం జారిపోతే పైన చేర్చడానికి పెట్టే గుర్తు. అంటే దిద్దుకోవడానికి ఇంకా చోటుందని అర్థం" అని మూడు పేరాలు. అర్ధరాత్రి. ఫీజు లేకుండా మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. అదీ నా బతుకు.

సరే, రాత్రి సంగతికి వస్తాను.

గ్రిమ్స్‌బీతో మ్యాచ్ మనకి పన్నెండున్నరకి. లీగ్‌ది కాదు, లీగ్ కప్‌ది, అందుకే మీ 36 చెక్కుచెదరలేదు. ఒంటిగంట కొట్టేసరికి 0-2. రెండో గోల్ మా గోల్‌కీపర్ గారి చలవ. సగం సమయానికి నేను మనశ్శాంతిగా ఉన్నానండీ. నిజం, ఒట్టు. ఓడిపోయాం, స్పష్టంగా ఓడిపోయాం, ఇక పడుకోవచ్చు. పదింటికి ఆఫీసులో మీటింగ్ ఉంది. రిమోట్ చేతిలోకి తీసుకున్నాను, బొటనవేలు ఎర్ర బటన్ మీదే ఉంది. అప్పుడు వచ్చారు మీరు, పట్టుపంచె కట్టుకుని పెళ్లిపెద్దలా. "ఇంకా 45 నిమిషాలున్నాయిలే."

కూర్చున్నాను.

అరవై నిమిషాలు, ఏమీ లేదు. డెబ్బై, ఏమీ లేదు. మళ్లీ బటన్ మీద వేలు. 75వ నిమిషంలో మా ఎంబ్యూమో గోల్. మీరు నా వైపు చూసి చిన్నగా నవ్వారు. 89వ నిమిషంలో మా మగ్వాయర్ తలతో కొట్టాడు, 2-2. నేను సోఫా మీంచి ఎగిరి, అరవకూడదని నోట్లో దిండు కుక్కుకుని అరిచాను. ఆ క్షణంలో మీ అంత సత్యవంతుడు ఈ లోకంలో లేడనిపించింది. హరిశ్చంద్రుడు మీ తర్వాతే.

నా ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. మీరు పూర్తిగా అబద్ధాలాడేవారైతే మీతో ఏ పేచీ లేకపోను. పచ్చి అబద్ధాన్ని ఒకసారి నమ్ముతాం, రెండోసారి నవ్వి ఊరుకుంటాం. మీరు సగం నిజం. పది సార్లు ముంచి పదకొండోసారి 89వ నిమిషంలో గోల్ కొడతారు. ఆ ఒక్కటి చాలు, ఇంకో పదేళ్లు మీ వెనకాల తిరుగుతాం. 1999లో బార్సిలోనాలో తొంభై నిమిషాలూ అయిపోయాక ఇంజురీ టైమ్‌లో రెండు గోల్స్ కొట్టి జర్మన్ జట్టు బయర్న్ చేతిలోంచి యూరప్ కప్పు లాక్కున్న నాడే మా రక్తంలోకి ఎక్కారు మీరు. అప్పట్నుంచి దిగలేదు.

0-2తో ఓడి ఉంటే ఒంటిగంటన్నరకి పడుకునేవాణ్ణి.

పెనాల్టీలు. జట్టుకి ఐదేసి. మా ఐదోది గోల్ అయితే మేం గెలిచేవాళ్లం. కున్యా కొట్టాడు, వాళ్ల గోల్‌కీపర్ ఆపాడు. అక్కడికైనా అయిపోయిందా? లేదు, "సడన్ డెత్ ఉందిలే" అన్నారు మీరు. అంటే ఒకరు కొట్టి ఇంకొకరు పోగొట్టేదాకా సాగడం. పేరులోనే సడన్ ఉంది గానీ అంత తీరుబడిగా వచ్చే చావుని నేనెక్కడా చూడలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. గోల్‌కీపర్లు కూడా వచ్చి కొట్టి వెళ్లారు. అందరి వంతూ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. మా మేనేజర్ గారు అంతకుముందు అష్టాచెమ్మా ఆడుతున్నట్టు బోర్డు మీద బిళ్లలు జరుపుకుంటూ కూర్చున్నారు, పెనాల్టీలప్పుడు అసలు అటు చూడనే లేదు. ఆయన జీతం తీసుకుని చూడలేదు. నేను నెలనెలా డబ్బు కట్టి మరీ చూశాను. మొత్తం 26 పెనాల్టీలు! ఇరవై ఆరోది ఎంబ్యూమో కొడితే బంతి క్రాస్‌బార్‌కి తగిలింది. 12-11. చేపలు గాల్లోకి లేచాయి.

ఇరవై ఆరుసార్లు ఊపిరి బిగబట్టించావు కదయ్యా! బీపీ మాత్ర వేసుకుని పడుకోమని డాక్టరు చెప్పిన మనిషిని! ఎందుకు ఆపలేదు నన్ను? ఎన్నడైనా ఒక్కసారి, "అయిపోయిందిరా నాయనా, వెళ్లి పడుకో" అన్నావా? ఇంటర్ రెండో సంవత్సరంలోనూ ఇంతే చేశావు. "పరీక్షలకి ఇంకా టైముందిలే" అన్నావు. ఫిజిక్స్ తన్నింది. ఫ్లాట్ విషయంలో బిల్డర్ నోట్లో కూర్చుని పలికింది నువ్వు కాదూ? సిగ్గు లేదూ?

ఇక నీ సాక్ష్యాల పెట్టె. దాన్ని చంకలో పెట్టుకునే తిరుగుతావు. 1992లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి చివరికి లీగ్ గెలిచాం కదా అంటావు. గెలిచాం, కాదనను. ఆ రోజుల్లో అక్కడ మేనేజర్‌గా ఫెర్గూసన్ ఉన్నాడన్న ముక్క మాత్రం నీ నోట రాదు. 2017లో క్రిస్టల్ ప్యాలెస్ మొదటి ఏడూ ఓడింది, ఏడింటిలో ఒక్క గోల్ కూడా లేదు, అయినా 11వ స్థానంలో తేలింది అంటావు. బాగుంది. 2007-08లో డర్బీకి ఆగస్టులో నువ్వేం చెప్పావు? వాళ్లు 38 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటి, వచ్చిన పాయింట్లు 11. ఆ కాగితం నీ పెట్టెలో ఎప్పుడూ కనపడదేం?

అంత దూరం ఎందుకు, నిరుడు అక్టోబరులో మేం 14వ స్థానంలో ఉంటే మేనేజర్ని మార్చారు. "ఇంకా 29 మ్యాచ్‌లున్నాయిలే" అన్నావు. ఆ 29 ఆడి 15కి దిగాం. పట్టుమని 42 పాయింట్లు.

బావ సంగతి ఇంకో రకం. 2021లో ఆర్సెనల్ మొదటి మూడూ ఓడి, తొమ్మిది గోల్స్ మింగి, ఒక్కటీ కొట్టకుండా పట్టికలో అట్టడుగున పడింది. అప్పుడు బావకి అన్నం సహించలేదు. నువ్వే దగ్గరుండి తినిపించావు. వాళ్లు లేచారు, పరిగెత్తారు, నాలుగో స్థానం దాకా వెళ్లారు. చివరికి 69 పాయింట్లతో ఐదో స్థానం. నాలుగోవాడికి 71. ఆ రెండు పాయింట్లు ఆగస్టులో పోయాయా, మే నెలలో వరసగా ఓడిన రెండు మ్యాచ్‌లలో పోయాయా అని మా ఇంటి పెళ్లిళ్లలో ఇవాళ్టికీ తగువే. నన్నడిగితే రెండిటికీ తేడా లేదు. ఆగస్టు పాయింటూ మే పాయింటూ ఒకే తూకం. పోయింది తిరిగి రాదు, పక్కవాడు కూడా పోగొట్టుకుంటే సరిపోతుంది, అంతే. ఇంత చిన్న లెక్కని నువ్వు మాకు ఎప్పుడూ చెప్పవు. చెబితే నీ దుకాణం మూతపడుతుంది.

మా అమ్మకి పొద్దున తెలిస్తే ఏమంటుందో నాకు తెలుసు. "చవితి నాడు చంద్రుణ్ణి చూసుంటావ్" అంటుంది. నిన్నంతా వానే, చంద్రుడెక్కడ కనిపించాడు? ఎవరో పెద్దాయన పంపిన గుడ్ నైట్ మెసేజీలో నెలవంక బొమ్మ ఉంది, అది చూశాను, నిజమే. కానీ శమంతకమణి కథ విని, అక్షింతలు కూడా నెత్తిన వేసుకున్నాను. పైగా నీలాపనింద అంటే చెయ్యని తప్పుకి పడేది. మా వాళ్లది చేసిన తప్పే. ఇందులోకి వినాయకుణ్ణి లాగొద్దు.

ఇంగ్లండ్‌లో ఒకతను యునైటెడ్ వరసగా ఐదు మ్యాచ్‌లు గెలిచేదాకా జుట్టు కత్తిరించుకోనని శపథం పట్టి, నిరుడు అక్టోబరు నుంచి పెంచుతున్నాడు. ద్రౌపది తర్వాత అంత పట్టుదల ఇతనిదే. అతని అద్దంలో రోజూ కనపడేది నువ్వే అయ్యుంటావు.

ఈ ఉత్తరం ఇక్కడితో ముగించి నిన్ను గ్రూపులోంచి, ఇంట్లోంచి, నా నోట్లోంచి వెళ్లగొడదామనే కూర్చున్నాను. కానీ ఒకటి గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో పెనాల్టీల మీద మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి నువ్వూ నేనూ కలిసి గంతులేశాం. మరో రెండేళ్లకి, 2023-24లో, అదే జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచి 8 పాయింట్లతో అడుగున నిలిచింది. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ సీజన్‌లో ఒక సాయంత్రం గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుంటే చుట్టూ ఖాళీ. ముందు వరసలో ఒక ముసలాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. గోల్ పడ్డా తల ఎత్తలేదు. "ఈ సీజన్ ఎట్లుందంటరు అంకుల్?" అని అడిగాను, మాట కలపాలని. ఆయన ఏమీ అనలేదు. పొట్టు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. పోయిందని తిట్టలేదు, ఇంకా ఉందిలే అనీ అనలేదు. తగువు పడ్డానికి కూడా మనిషి మిగల్లేదు అక్కడ. నీకోసం అటూ ఇటూ చూశాను. నువ్వు కూడా రాలేదు.

కాబట్టి ఉండు. మూల కుర్చీ నీదే. కానీ షరతులున్నాయి: ఆఫీసు రోజుల్లో అర్ధరాత్రి దాటాక నోరెత్తకూడదు. బావ ఎదుట అసలు ఎత్తకూడదు. గ్రిమ్స్‌బీ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు. మా ఆవిడకి ఇప్పటికే అనుమానంగా ఉంది.

ఇట్లు,
నిద్ర లేని నీ పాత కస్టమర్

తా.క.: శనివారం సాయంత్రం ఏడున్నరకి బర్న్లీతో మ్యాచ్. అక్కడ అది మధ్యాహ్నం మూడు గంటల ఆట, కాబట్టి బ్రిటన్‌లో టీవీలో రాదట. మాంచెస్టర్‌లోని వాడికి ఆ మాత్రం దయ దొరికింది, మనకి మాత్రం లైవ్. నిరుడు ఐదో స్థానానికి 66 పాయింట్లు పట్టాయి, దానికే యూరప్ మేటి జట్లు ఆడే చాంపియన్స్ లీగ్‌లో చోటు దొరికింది. మనకి ప్రస్తుతం 1. గెలుపుకి 3, డ్రాకి 1 లెక్కన, మిగిలిన 36లో 20 గెలిచి, 5 డ్రా చేసుకుంటే సరిగ్గా 66. పదకొండు ఓడినా ఫరవాలేదు. ఇప్పుడే ఉండ్రాళ్ల ప్లేటు పక్కన, కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాను. బావకి చెప్పకు.