మూడు నక్షత్రాలు, ఐదు వేళ్ళు

మొన్న మే నెలలో ఒక ఆదివారం నాకు ఒకేసారి రెండు కాపలా ఉద్యోగాలు తగిలాయి. మేడ మీద పెట్టిన గుమ్మడి వడియాలను చూసుకోమని అమ్మ చెప్పింది. ఒక ఆట ఆడి, అదెలా ఉందో చెప్పమని మా మేనల్లుడు అడిగాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, స్నేహితులతో కలిసి కాలేజీ ప్రాజెక్టుకి టవర్ డిఫెన్స్ ఆట ఒకటి తయారు చేస్తున్నాడట, అంటే దండులుగా వచ్చే శత్రువులు మన కోట చేరకుండా దారి పక్కన టవర్లు కట్టి కాపలా కాసే ఆట. ఆ రకంలో మంచి పేరున్న కింగ్‌డమ్ రష్‌ని నా ఫోన్‌లో ఎక్కించి, "మామయ్యా, ఊరికే బాగుంది అనేసి ఊరుకోకు, ఏది ఎందుకు బాగుందో రాసి పెట్టు, సాయంత్రం ఫోన్ చేస్తా" అన్నాడు. నాకు ఈ ఆటలేం కొత్త కాదు. 2007లో డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్ అని బ్రౌజర్‌లోనే ఆడేది ఒకటి వచ్చింది, మేనేజర్ వస్తున్నాడేమో అని ఒక కన్ను అటువేసి ఆడేవాణ్ణి.

అమ్మ సంగతి వేరు. బూడిద గుమ్మడికాయ ముక్కలకి ఉప్పేసి, గుడ్డలో మూటకట్టి, పైన పొత్రం పెట్టి రాత్రంతా నీళ్ళు కార్చి, తెల్లారేసరికి మినప్పిండి రుబ్బి, నాన్న పాత పంచె మీద నాలుగు వరసలు పెట్టింది. "ఒరేయ్, కోతులొస్తాయి, కళ్ళు దాని మీదే ఉండాలి, చెప్పులు మాత్రం ఇటు తేకు" అని చేతిలో కర్ర పెట్టి కిందికి వెళ్ళిపోయింది. మా ఖమ్మం కోతుల సంగతి మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు.

సరే, నేను కూడా వ్యూహాత్మకంగానే మొదలుపెట్టాను. పంచెకి ఒక మూల నల్ల గొడుగు. రెండో మూల మా ఆవిడ కోతుల కోసమనే కొన్న పులి బొమ్మ. మెట్ల దగ్గర పక్కింటి పిల్లాడు, జీతం ఒక ఐస్‌క్రీం. మెట్ల గది నీడలో నేను, కర్ర, ఫోన్, నోట్‌బుక్కు. నీళ్ళ ట్యాంకు వైపు మాత్రం ఏమీ పెట్టలేదు, అటునుంచి ఎవరొస్తారులే అనుకున్నాను.

ఆట నిజంగా బాగుందండీ. ఉరుగ్వే దేశంలోని ఐరన్‌హైడ్ అనే సంస్థ 2011లో తెచ్చింది. టవర్లు నాలుగు రకాలు: విలుకాళ్ళు, సైనికుల శిబిరం, మంత్రగాళ్ళు, ఫిరంగి. ఎక్కడ పడితే అక్కడ కట్టనివ్వడు, స్థలాలు ముందే గీసి ఉంటాయి. నాకు నచ్చింది ఆ శిబిరం. సైనికులు దారికి అడ్డంగా నిలబడి శత్రువుని పట్టి ఉంచుతారు, ఈలోపు మిగతా టవర్లు వాడి పని పడతాయి. డెస్క్‌టాప్‌ దాంట్లో ఇలా ఆపేవాడే ఉండడు, టవర్లనే అడ్డం పెట్టి దారిని మెలికలు తిప్పాలి. "శిబిరం లేకపోతే ఆటే లేదు" అని నోట్‌బుక్కులో రాసుకుని, కింద గీత కూడా గీశాను. సరిగ్గా అప్పుడే నా శిబిరం ఐస్‌క్రీం పుల్ల పారేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఫిరంగి పేలుడు చూసి మోజుపడి అవే ఎక్కువ కట్టాను. అది గాలిలో ఎగిరేవాళ్ళని కొట్టదు. గార్గాయిల్స్ అని రెక్కల రాక్షసులు రెండు నా ఫిరంగుల మీదుగా, సైనికుల తలల మీదుగా తీరిగ్గా ఎగురుతూ వెళ్ళి కోటలో పడ్డాయి. ఇరవై ప్రాణాల్లో రెండు పోయాయి. ఎక్కడో కాకి అరిచినట్టు వినిపించింది. ఆటలో సౌండ్ ఎఫెక్ట్స్ ఎంత సహజంగా ఉన్నాయో అని అదీ రాసుకున్నాను. తలెత్తి చూస్తే పులి బొమ్మ నెత్తిన కాకి కూర్చుని మొదటి వరసలో ఏది బాగుందో చూస్తోంది. అదిలించాను, వెళ్ళింది, పోతూ ఒకటి పట్టుకుపోయింది.

ఇంక చివరి దండు మిగిలింది. టైం అయ్యేదాకా ఆగకుండా మనమే ముందు పిలిస్తే బంగారం అదనంగా ఇస్తాడు. ఆశ చెడ్డది, పిలిచేశాను. పిలిచింది ఒకణ్ణి, వచ్చింది ఇద్దరు. ట్యాంకు వెనకనుంచి ఒక పెద్ద కోతి, దాని వెనక పిల్లని పొట్టకి కరిపించుకున్న ఇంకోటి దిగాయి. పెద్దది గొడుగుని ఒక్క తోపు తోసి పంచె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది, విస్తరి ముందు పెళ్ళివారిలా.

ఫోన్ అక్కడే పడేసి కర్ర విసిరాను. అది కోతికి తగల్లేదు, పిట్టగోడ దాటి పక్కింటి మేడ మీద పడింది. ఉన్న ఒక్క ఆయుధం పోయింది. అరుస్తూ పరిగెత్తాను కానీ, కాళ్ళకి చెప్పుల్లేవు, మధ్యాహ్నం పన్నెండున్నర, మేడ పెనంలా ఉంది. నాలుగు అడుగులు వేసేసరికి కాళ్ళు మాడిపోయి, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి దూకాను. ఆ మేడ మొత్తం మీద చల్లగా ఉన్న చోటు ఒక్కటే, తడి పిండి ఉన్న పంచె! అక్కడే నిలబడి రెండు చేతులూ ఊపుతూ హుష్ హుష్ అంటుంటే కోతులు నన్ను, నా కాళ్ళని మార్చి మార్చి చూసి, ఇక తినడానికేం మిగలదనుకున్నాయో ఏమో, పులి బొమ్మని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాయి.

కేకలకి అమ్మ పైకి వచ్చింది. నేనింకా పంచె మీదే ఉన్నాను, దిగితే కాళ్ళు కాలతాయని. మొదటి వరస కాకీ కోతులూ తినేశాయి. రెండూ మూడూ నా ఖాతా. "కోతులే నయంరా, తినైనా పోయాయి" అంది.

ఫోన్ తీసి చూద్దును కదా, తెర మీద విజయం అని మూడు నక్షత్రాలు. పద్దెనిమిది ప్రాణాలు అలాగే ఉన్నాయి, నేను వదిలేశాక ఒక్కటీ పోలేదు. సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేస్తే నోట్‌బుక్కులో ఉన్నదంతా చదివి వినిపించి, చివర్లో ఈ సంగతి కూడా చెప్పాను. "అంటే నువ్వు లేకపోతేనే బాగా నడుస్తుందా మామయ్యా?" అన్నాడు. వెధవ, స్పీకర్ ఆన్‌లో ఉంది. లోపల్నుంచి మా ఆవిడ, "అవును నాన్నా, అది కూడా రాసుకో" అంది.

వారం తర్వాత పప్పుచారులోకి వడియాలు వేయించారు. అందరికీ గుండ్రటివి వచ్చాయి. నా పళ్ళెంలోకి అమ్మ వెతికి మరీ ఒకటి వేసింది, చపాతీలా పల్చగా, అంచున వరసగా ఐదు గుంటలు.

"తిను, నీదే" అంది.