సామర్లకోట తోట మళ్లీ కావాలి

ఆదివారం కడియపులంక వెళ్లి చూడండి. నర్సరీల ముందు ఆగేవాళ్లలో చాలామంది మొక్క కొనరు, ఊరికే చూసి వెళ్తారు. కుండీలో ఆకు ముట్టుకోబోయిన పిల్లాణ్ని తల్లి చెయ్యి పట్టుకుని లాగేస్తుంది: "తుంపకురా, కొనమంటారు!" నర్సరీ రైతుదేం తప్పు, అది ఆయన బతుకుదెరువు. పైసా ఖర్చు లేకుండా చెట్ల మధ్య తిరిగే చోటు చూపించాల్సింది ప్రభుత్వం.

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది. 2015లో యునెస్కో గుర్తింపు పొందింది. ఉదయం 5 నుంచి అర్ధరాత్రి దాకా ఎవరైనా వెళ్లొచ్చు. ఆర్కిడ్ల తోటకు తప్ప టిక్కెట్ లేదు. అక్కడి టెంబుసు చెట్టు ఒకటి వాళ్ల 5 డాలర్ల నోటు మీదికీ ఎక్కింది.

మన సామర్లకోటలో అంతకంటే ముందే తోట ఉండేది. 1780ల్లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ మిరియాలు, కాఫీ, సీమపనస పెంచి చూశాడు. జనం కోసం కాదులెండి, కంపెనీ లాభం కోసమే. అయితే ఇక్కడి చిత్రకారుల చేత మన మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అవి లండన్‌లో అచ్చవుతూ వచ్చాయి. మోదుగ లాంటి తెలుగు పేర్లూ ఆ పుస్తకాల్లోకి వెళ్లాయి. 1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్లిపోయాడు.

ఆ తోట ఈసారి జనం కోసం రావాలి. డెల్టాలో నీటికి, మట్టికి, మొక్కలకు కొదవా? తోటమాలుల జీతాలకు ఏటా బడ్జెట్‌లో పద్దు ఉంటే చాలు. శిలాఫలకం, సెల్ఫీ పాయింట్, ఆర్నెల్లకే ఎండిపోయే ఫౌంటెన్ ఉన్న పార్కు ఇంకోటి మాత్రం వద్దు.

టిక్కెట్ ఇరవై రూపాయలేగా అంటారు. నలుగురున్న కూలి కుటుంబానికి అది ఎనభై, పైగా ఆటో ఖర్చు. ఏడాదికోసారి వస్తారేమో. చెట్టు ఒక్కసారి చూస్తే తెలిసేది కాదు. పూసినప్పుడు చూడాలి, కాసినప్పుడు చూడాలి, ఆకు రాల్చినప్పుడూ చూడాలి.

ప్రతి చెట్టుకూ పేరు రాసిన పలక ఉండాలి. పొన్న, పొగడ, మడ అని పైన తెలుగులో పెద్దక్షరాల్లో, శాస్త్రీయ నామం దాని కింద. గేటు తెల్లవారుజామునే తీయాలి. పొగడ పూలు రాలి ఉండేది ఆ వేళకే.