గడ్డి మీద కూర్చోనివ్వండి

మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల పరిపాలనా భవనం ముందు ఒక లాన్ ఉంటుంది. చుట్టూ మోకాలెత్తు ఇనప కంచె, మూలన ‘గడ్డిపై నడవరాదు’ అని పచ్చరంగు బోర్డు. పొద్దునా సాయంత్రం నీళ్లు పడతారు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు, స్నాతకోత్సవం నాడు గ్రూప్ ఫొటోకి అది పనికొస్తుంది. మిగతా రోజుల్లో దాని మీద తిరిగేవి కొంగలే. అక్కడికి వంద గజాల దూరంలో ఓ కానుగ చెట్టు. దాని కింద కాలు విరిగిన సిమెంటు బెంచీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, స్టాండ్ వేసిన బైకు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు, రీసెర్చ్ స్కాలర్లు, డ్యూటీ మధ్యలో టీ తాగడానికి వచ్చిన అటెండర్లు అందరూ ఆ నీడనే చేరతారు. క్యాంపస్‌కు అసలైన ఉమ్మడి జాగా అదే. బడ్జెట్లో దానికి పద్దు మాత్రం లేదు.

పచ్చదనం అంటే చూడ్డానికి అన్న అభిప్రాయం మన అధికారులకు బలంగా నాటుకుపోయింది. లాన్ చలిదేశాల సరుకు. అక్కడ ఎండ కోసం జనం గడ్డి మీదికి వస్తారు, ఇక్కడ ఎండ నుంచి తప్పించుకోవడానికి చెట్టు కిందికి పోతారు. మే నెల మధ్యాహ్నం రెండింటికి లాన్ మధ్యలో కూర్చోమంటే వీసీ గారైనా కూర్చోరు. బోరు ఎండిపోతే ట్యాంకర్ తెప్పించి మరీ ఆ గడ్డిని బతికిస్తున్నాం. అదే నీళ్లు మూడేళ్లపాటు వేప, కానుగ, చింత మొక్కల పాదుల్లో పోస్తే ఆ తర్వాత మన అవసరం లేకుండా అవే బతుకుతాయి.

చెట్టు చుట్టూ అరుగు కట్టుకుని కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. ఊరి రచ్చబండ అదే. పంచాయితీ అయినా పేకాట అయినా అక్కడే. శాంతినికేతన్‌లో టాగూర్ నెలకొల్పిన విశ్వభారతిలో చెట్ల కింద పాఠాలు చెప్పడాన్ని ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంటుంది, 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను వారసత్వ ప్రదేశంగా గుర్తించింది కూడా. మన దగ్గర చెట్టు కింద క్లాసు పెడితే ‘గది దొరకలేదా’ అని అడుగుతారు. రచ్చబండ కట్టినా తెలివిగా కట్టడం లేదు. మొదలుకు ఆనించి సిమెంటు పోసేస్తున్నారు, చుట్టూ పేవర్ టైల్స్ పరిచేస్తున్నారు. వేరుకు నీరందదు, గాలాడదు, పదేళ్లకు గాలివానొస్తే చెట్టు పడిపోతుంది. ఢిల్లీలో ఇదే పరిస్థితి చూసి చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ మీటరు మన క్యాంపస్‌లలోనూ వదలాలి.

ఏ చెట్టు అన్నదీ చూసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చేశాక త్వరగా పెరుగుతుందని ఏడాకుల పాల విరివిగా నాటారు. ఇప్పుడు ఏటా అది పూసే కాలం వస్తే చాలు, ఆ ఘాటు వాసన భరించలేకపోతున్నామని జనం ఫిర్యాదు చేస్తున్నారు. చిత్రమేమంటే విశ్వభారతిలో పట్టా పుచ్చుకునేవారి చేతికి సంప్రదాయంగా ఇస్తూ వచ్చినవి ఈ చెట్టు ఆకులే. తప్పు చెట్టుది కాదు. పది గజాలకొకటి చొప్పున, కిటికీల కిందే నాటినవారిది.

ఇక దారులు. హాస్టల్ నుంచి క్యాంటీన్‌కు ఇంజినీరింగ్ విభాగం ఎల్ ఆకారంలో చక్కటి రోడ్డు వేస్తుంది. పిల్లలు మూలకు అడ్డంపడి పోతారు. నెల తిరక్కుండా గడ్డిలో జానెడు వెడల్పున కాలిబాట పడుతుంది. కంచె వేస్తారు, ఎవరో తీగ వంచుతారు. ముళ్లకంప వేస్తారు, దాని పక్కనే ఇంకో బాట పడుతుంది. ఈ యుద్ధంలో అధికారులు గెలిచిన దాఖలా ఎక్కడా లేదు. భవనం పూర్తయ్యాక ఓ ఆరు నెలలు ఆగి, కాళ్లు ఎటు పోతున్నాయో చూసి అక్కడే మొరం పోస్తే ఖర్చూ తగ్గుతుంది, వాన నీరూ ఇంకుతుంది.

చీకటి పడ్డాక ఆ కానుగ కింద ఎవరుంటారో కూడా చూడాలి. మగపిల్లలే ఉంటారు. వెలుతురు లేనిచోట, మనిషెత్తు పొదల పక్కన అమ్మాయిలు కూర్చోరు. ఎదుటి మనిషి ముఖం కనిపించేలా దీపాలు, నడుమెత్తు దాటని పొదలు, దగ్గర్లో శుభ్రమైన టాయిలెట్, మంచినీళ్ల కుళాయి ఉంటే అది అందరి జాగా అవుతుంది. పాముల భయం కూడా సగం తగ్గుతుంది!

ఉమ్మడి జాగాను గుర్తించి కాగితం మీద పెట్టకపోతే అది ‘ఖాళీ స్థలం’ అయిపోతుంది. కొత్త బ్లాకు మంజూరైతే అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. 2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో జేసీబీలు దిగినప్పుడు చూశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి 400 ఎకరాల్లో దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. ఆ భూమి ఎవరిదన్న తగాదా వేరు. నెమళ్లు, జింకలు తిరిగే చోటు ఒకరికి అడవిగా, మరొకరికి ప్లాటుగా కనిపించడమే మేం ఎత్తిచూపుతున్నది. క్యాంపస్ లోపల చిన్న చిన్న కోతలు రోజూ జరుగుతూనే ఉన్నాయి. వాటికి కోర్టులు రావు.

కాబట్టి మాస్టర్ ప్లాన్ కన్సల్టెంట్‌కు అప్పగించేముందు ఒక వారం పాటు, ఎండాకాలంలోనే, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాయించండి. విద్యార్థులతో పాటు తోటమాలుల్ని పిలిచి అడగండి. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుందో డ్రాయింగ్‌లో ఉండదు, వాళ్లకు తెలుసు. చాలామంది అవుట్‌సోర్సింగ్ జీతగాళ్లు కావడంతో మీటింగ్‌కు వాళ్లను పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

కానుగ కింద విరిగిన బెంచీకి మాత్రం ఏ ప్లానూ రానక్కర్లేదు. ఒక బస్తా సిమెంటు, ఒక మేస్త్రీ, ఒక పూట పని.