ఆగ్నేయంలో రూటర్, నైరుతిలో నేను

మా ఇంట్లో ఇంటర్నెట్‌కి ఏ లోటూ లేదు. ఈ పదకొండు రోజుల్లో ఈ మాట నాకు ముగ్గురు నిపుణులు చెప్పారు. నెట్ కంపెనీ లెక్క ప్రకారం లైన్ భేషుగ్గా ఉంది. ల్యాప్‌టాప్ కంపెనీ లెక్క ప్రకారం ల్యాప్‌టాప్ భేషుగ్గా ఉంది. విండోస్‌లో ట్రబుల్‌షూటర్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు కదా, ఆయన కూడా రెండు నిమిషాలు చుక్కలు తిప్పి, తనకి ఏ సమస్యా కనబడలేదని తేల్చేశాడు. ఇంతమంది చెప్పాక కూడా నెట్ రావట్లేదని గొణుగుతున్నానంటే లోపం ఎవరిలో ఉందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పాత ల్యాప్‌టాప్‌కి ఎనిమిదేళ్లు. మూత విరిగి రబ్బరు బ్యాండుతో కాపురం చేస్తోంది. అయినా ఇంట్లో ఏ మూల పెట్టినా నెట్ పట్టుకుంటుంది. కొత్తది అరవై ఎనిమిది వేలు. పావుగంట బుద్ధిగా ఉంటుంది. ఆఫీసు మీటింగులో నా వంతు వచ్చి, గొంతు సవరించుకుని నోరు తెరవగానే అలకపాన్పు ఎక్కుతుంది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడైతే బండో, గొలుసో ఏదో ఒకటి అడిగి దిగొస్తాడు. దీనికేం కావాలో ఇది చెప్పదు. తెర మూలన విసనకర్రలా ఉండే గుర్తు మాయమై, దాని స్థానంలో భూగోళం బొమ్మ వస్తుంది. ప్రపంచంతో సంబంధం పూర్తిగా తెగిపోయిన క్షణంలో మనిషికి భూగోళం బొమ్మ చూపించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వాళ్లకో నమస్కారం.

అన్నట్టు, వైఫై అనే మాటకి అసలు అర్థమే లేదట. 1999లో పేర్లు పెట్టడమే వృత్తిగా ఉన్న ఒక సంస్థ, హైఫైకి ప్రాస కుదిరిందని పెట్టిన పేరట. ఇది తెలిశాక నా మనసు కొంత కుదుటపడింది.

ఇక మా ఇంటి భౌగోళిక పరిస్థితి. ఫ్లాట్ కొన్నప్పుడు మా మావయ్య దగ్గరుండి వాస్తు చూశారు. నిప్పుకి, కరెంటుకి సంబంధించినవన్నీ ఆగ్నేయంలో ఉండాలి కాబట్టి రూటర్‌ని కూడా వంటింటి గోడకే కొట్టించారు. బీరువా నైరుతిలో ఉండాలి కాబట్టి నా పడకగదిలో పెట్టించారు. అది మామూలు బీరువా కాదు, అమ్మ పెళ్లికి తాతయ్య చేయించిన ఇనప బీరువా. నాకూ రూటర్‌కీ మధ్య రెండు గోడలు, గోడల్లో ఇనప చువ్వలు, అవి చాలవన్నట్టు ఈ బీరువా. రేడియో తరంగాలకి ఇనుమంటే పడదు. ఈ సంగతి వాస్తుశాస్త్రంలో ఎందుకు రాయలేదో మావయ్యని అడగాలంటే ఆయన గౌరవం అడ్డొస్తోంది.

రూటర్ రెండు గొంతులతో మాట్లాడుతుంది. 5 గిగాహెర్ట్జ్ గొంతు వేగంగా మాట్లాడుతుంది గాని గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గొంతు గోడలు దాటుతుంది, కాకపోతే అపార్ట్‌మెంటులో ఉన్న రూటర్లన్నీ అందులోనే అరుస్తుంటాయి. ఒకదాని మీద ఒకటి పడకుండా మాట్లాడే ఛానళ్లు అందులో మూడే: 1, 6, 11. నా గదిలో కనబడే నెట్‌వర్కులు ముప్పై ఒకటి. వాటిలో ఒకదాని పేరు 'పాస్‌వర్డ్ అడగొద్దు', ఇంకోదాని పేరు 'అమ్మవారి దయ'. పైగా ఇంట్లో వాడే మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఆ ఓవెన్ మా వాస్తు ప్రకారం ఎక్కడుందో చెప్పక్కర్లేదు, రూటర్‌కి జానెడు దూరంలో. మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మ నిన్నటి పప్పు వేడి చేస్తుంది. మా మేనేజరు ఒంటిగంటకే మీటింగు పెడతాడు.

మూడుసార్లు కంప్లయింటు ఇచ్చాక నాలుగో రోజు టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. లిఫ్టు పనిచేయట్లేదు, నాలుగంతస్తులూ ఎక్కే వచ్చాడు. దుమ్ము పడకుండా రూటర్ మీద అమ్మ కప్పిన అల్లిక గుడ్డ తీశాడు. కింద దసరా నాటి కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. తన ఫోను తీసి రూటర్ చెంపకి ఆనించి, స్పీడ్ టెస్ట్ నొక్కాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"చూడండి సార్. వందకి తొంభై ఎనిమిది."

"బాబూ, నేను ఇక్కడ కూర్చోను. ఆ గదిలో కూర్చుంటాను."

"ఇక్కడ వస్తోంది కదా సార్."

"అక్కడ రావట్లేదు కదా."

"ఇక్కడ వస్తోంది కదా సార్" అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త జాలిగా.

వీధి కుళాయి దగ్గర బిందె నిండింది కాబట్టి నాలుగో అంతస్తులో నీళ్లు వస్తున్నట్టే. ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేక, అతన్ని బతిమాలి గదిలోకి తీసుకెళ్లాను. ల్యాప్‌టాప్ తెరిచాను. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చుంది, వీడియో గలగలా పారుతోంది.

"బాగానే ఉంది కదా సార్."

"పావుగంట ఆగు, పోతుంది."

ఇద్దరం మంచం అంచున కూర్చుని దానికేసి చూస్తున్నాం. ఐదు నిమిషాలు. అమ్మ కాఫీ ఇచ్చింది. తొమ్మిది నిమిషాలు. ఐసీయూ బయట బంధువుల్లా మాటల్లేవు, అయితే మేం ఎదురుచూస్తున్నది ప్రాణం పోవడానికి. పన్నెండు నిమిషాలు. అతని ఫోను రెండుసార్లు మోగింది. "నెక్స్ట్ ఇంటివాళ్లు సార్" అన్నాడు. "ఒక్క రెండు నిమిషాలు, తప్పకుండా పోతుంది" అన్నాను. నా నెట్ పోవాలని నేనే వెంకన్నకి మొక్కుకున్నాను. పద్నాలుగో నిమిషంలో అతను లేచాడు.

"ఓటీపీ చెప్పండి సార్."

ఓటీపీ అంటే సమస్య తీరిపోయిందని నేను సంతకం పెట్టడం. తీరలేదు కదా అన్నాను. "మీరు ఇవ్వకపోతే నా పేరు మీద పెండింగ్ పడుద్ది సార్. సాయంత్రం నన్నడుగుతారు. ఇది ఎనిమిదో ఇల్లు ఇవాళ" అన్నాడు. చొక్కా వీపు మీద తడిసి అతుక్కుపోయి ఉంది.

ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు, క్షమించండి. నెలనెలా డబ్బు కట్టేది నేను. ఎండలో మెట్లెక్కేది అతను. మా ఇద్దరి మధ్యా కొట్లాట పెట్టి, ఆ పెట్టినవాడు మాత్రం ఎక్కడా కనబడడు. వాడి నంబరు దొరకదు, దొరికితే యంత్రం మాట్లాడుతుంది, ఒకటి నొక్కమంటుంది, తొమ్మిది నొక్కమంటుంది, చివరికి "మీ కాల్ మాకెంతో విలువైనది" అని పెట్టేస్తుంది. నెట్ లేని రోజులకి బిల్లు తగ్గించమంటే నేను ముష్టెత్తుకోవాలి. బిల్లు ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం ఆ యంత్రానికే నా నంబరు ఠక్కున దొరుకుతుంది. బాగుచేయడం కంటే బాగైందని రాయించుకోవడం తేలికని కనిపెట్టిన బుర్ర ఎవడిదో! వాణ్ని ఒక్కసారి తీసుకొచ్చి ఈ నాలుగంతస్తులూ ఎక్కించాలి, ఎనిమిదిసార్లు.

ఓటీపీ చెప్పాను. ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను. అతను రెండో అంతస్తు మలుపు తిరిగి ఉంటాడు, ల్యాప్‌టాప్‌లో భూగోళం ప్రత్యక్షమైంది. ఆ వెంటనే ఫోన్లో మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

ల్యాప్‌టాప్ కంపెనీ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అది మీ నెట్ ప్రాబ్లం అన్నారు.

చివరికి పక్కింటి ఇంటర్ పిల్ల జంతిక నములుతూ వచ్చి, "ఏదీ ఇవ్వండి అంకుల్" అంది. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, వైఫై కార్డు పేరు మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట ఒక టిక్కు చూపించింది. కరెంటు ఆదా కోసం ఈ కార్డుని కంప్యూటర్ తనంతట తానే ఆపేయొచ్చని అక్కడ అనుమతి ఇచ్చి ఉంది. నేనివ్వలేదు, అది పుట్టుకతోనే వచ్చింది. అరవై ఎనిమిది వేల యంత్రం, రోజంతా ప్లగ్గులో ఉండే యంత్రం, చిటికెడు కరెంటు పొదుపు చేద్దామని నా ఉద్యోగం మీదికి తెచ్చింది! ఆ పిల్ల టిక్కు తీసేసి, డ్రైవర్ (అంటే ఆ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) కొత్తది ఎక్కించింది. జంతికల గిన్నె ఖాళీ అయ్యేలోపు అయిపోయింది. ఆ రోజు నుంచి పావుగంట అలకలు లేవు.

ఒంటిగంట అలక మాత్రం ఉంది. "బీరువా అయినా జరపండి, రూటర్ అయినా హాల్లో పెట్టించండి అంకుల్" అని ఆ పిల్ల తేలిగ్గా చెప్పి వెళ్లిపోయింది. అమ్మ మావయ్యకి ఫోన్ చేసింది. మూఢం వెళ్లేదాకా రెండూ కదపకూడదట.

అందుకని ప్రస్తుతం వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని ఇది రాస్తున్నాను. వెనకాల అమ్మ పప్పు గిన్నె పట్టుకుని నిలబడింది. ఒక్క నిమిషం ఆగమ్మా, ముందు ఇది వెళ్లిపోనీ.