‘ఏమీ కాదు, కంగారు పడకండి’ అని పంపుతున్న మిత్రులకు

విశాఖ ఉక్కు కర్మాగారం విశ్రాంత ఉద్యోగుల గ్రూపులో కనిపించిన సందేశం మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటు గ్రూపుకు పాకింది. ఆర్కే బీచ్‌లో నాతో పాటు నడిచే మిత్రులు దాన్నే మళ్లీ మళ్లీ పంపుతున్నారు. ‘డీమ్యాట్ ఖాతాదారులకు ముఖ్య గమనిక’ అట, అంటే షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే ఖాతా ఉన్నవాళ్లకు. మన తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే బ్రోకర్ పేరుతో వచ్చే దొంగ మెయిళ్లను పట్టుకోవడానికి ఐదు సూత్రాలు చెబుతుంది. దొంగలే దగ్గరుండి రాయించినట్టున్నాయి.

‘అక్షర దోషాలు లేకపోతే అసలు మెయిలే.’ ఈ రోజుల్లో దొంగలు మనకంటే మంచి ఇంగ్లీషు రాస్తున్నారు. తరువాతిది చూద్దాం.

‘వెబ్‌సైటు చిరునామా పక్కన తాళం గుర్తుంటే నమ్మవచ్చు.’ ఆ సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. మీరు పంపే వివరాలు మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని హామీ. అందుకునేవాడే దొంగ అయితే అది చేసేదేమీ లేదు. జనం ఇలా పొరబడుతున్నారనే 2023లో గూగుల్ తన క్రోమ్‌లో ఆ తాళం బొమ్మను మార్చేసింది.

‘మీ పేరు, పాన్ నంబరు సరిగ్గా ఉంటే బ్రోకర్ పంపిందే.’ పాన్ కార్డు జిరాక్సు మనం ఇవ్వని చోటంటూ ఉందా? ద్వారకానగర్‌లో జిరాక్సు తీయిస్తే, మసకగా వచ్చిన కాపీని కొట్టువాడి చెత్తబుట్టలోనే వదిలేసి వస్తాం.

అసలు ప్రమాదం నాలుగోది. ‘పొరపాటున లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చినా ఏమీ కాదు. డబ్బు మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది కనుక దొంగకు దక్కదు. ఫిర్యాదులంటూ తిరగకండి.’

ఇందులో మొదటి సగం నిజమే కాబట్టి జనం నమ్ముతున్నారు. ట్రేడింగ్ ఖాతాలోని సొమ్ము నమోదైన బ్యాంకు ఖాతాకే వెళుతుంది. కానీ దొంగ దాన్ని బ్యాంకుకు పంపుకోవాలని ఎవరన్నారు? ఎవరూ ముట్టని ఒక ఆప్షన్ కాంట్రాక్టు (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) తీసుకోండి. రెండు రూపాయలు చేయనిదాన్ని తన చేతిలో ఉన్న మరో ఖాతా నుంచి నలభైకి అమ్మకానికి పెడతాడు. మీ ఖాతాలో దూరి ఆ ధరకే కొంటాడు, తేడా సొమ్ము వాడి ఖాతాకు చేరుతుంది. ఎక్స్ఛేంజి లెక్కల్లో అది మీరు కొన్న సరుకే! చేతిలో నగదు లేకపోతే మీ షేర్లు అమ్మి మరీ కొంటాడు. అమ్మకానికి టీపిన్ (డీమ్యాట్ నుంచి షేర్లు తీయడానికి అడిగే రహస్య సంఖ్య), ఓటీపీ కావాలి కదా అంటారా? బ్రోకర్‌కు డీడీపీఐ (అమ్మిన షేర్లను డీమ్యాట్ నుంచి తీసుకునే అధికారపత్రం) రాసిచ్చినవారికి ఆ అడ్డు కూడా లేదు. మీరు నకిలీ పేజీలో కొట్టిన లాగిన్ ఓటీపీని వాడు ఆ అరనిమిషంలోనే అసలు పేజీలో కొట్టేస్తాడు. ‘ఏమీ కాదు’ అని రాసిన మహానుభావుడు తన పాస్‌వర్డ్ ఇలాగే గ్రూపులో పెట్టి చూపిస్తే బాగుండును.

కనుక కంగారు పడండి. వెంటనే బ్రోకర్ యాప్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న సెషన్లన్నీ మూయండి. ఖాతాకు ఆన్‌లైన్ ప్రవేశం ఆపేయమని బ్రోకర్‌ను అడగండి. ఆ సౌకర్యం ఇవ్వాలని 2024 జనవరిలోనే షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మెయిల్ పాస్‌వర్డూ మార్చండి, మీ కాంట్రాక్టు నోట్లన్నీ, అంటే కొనుగోలు, అమ్మకాల రసీదులన్నీ, అందులోనే ఉంటాయి. ఆ రోజు ఆర్డర్ల జాబితా వరుసగా చదవండి.

ఐదోది ‘పదిమందికి పంపండి’. అదొక్కటే అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

అయితే, బ్రోకర్ల అసలు మెయిళ్లే దొంగ మెయిళ్లలా ఉంటాయని ఆ సందేశంలో చివర ఒక విసురు ఉంది. దాన్ని కాదనలేను. నామినీ పేరు ఇవ్వకపోతే ఖాతా స్తంభిస్తుందని ఏళ్ల తరబడి గడువుల మీద గడువులు పెట్టి, లింకులతో సహా మనల్ని అదరగొట్టారు. ఆ కారణంతో అప్పటికే ఉన్న ఖాతాలను స్తంభింపజేయవద్దని 2024 జూన్‌లో సెబీ తేల్చేసింది. అదే బెదిరింపుతో ఇంకా ఏదైనా మెయిల్ వస్తే లింకు జోలికి పోకండి. నిజంగా నామినీ వివరాలు కావాలంటే యాప్ తెరిచినప్పుడు అక్కడా అడుగుతారు.