ఫ్రిజ్ తలుపు మీద నా జీతం

ఓక్లహోమా రాష్ట్రం, టల్సా నగరం, మా ఇంటి వంటగది. ఆ పేరు ఇకమీదట కాస్త గౌరవంగా పలకండి. అమెరికా కార్మిక చట్టం లెక్కలో అది వంటగది కాదు, కార్యస్థలం.

ఇంట్లో కూర్చుని పనిచేసే హెచ్‌-1బీ వీసా మనిషి ఊరు మారితే ఏమవుతుందో మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, కడుపుమంట. 2015లో సిమియో తీర్పని ఒకటి వచ్చింది. పనిచేసే చోటు ఒక నగర ప్రాంతం దాటితే కొత్త ఎల్‌సీఏ (ఫలానా చోట, ఫలానా జీతానికి అని కంపెనీ కార్మిక శాఖకి ఇచ్చే హామీపత్రం) వెయ్యాలి, వీసా పిటిషన్ సవరించాలి. నా విషయంలో ల్యాప్‌టాప్ అదే, మేనేజరు అదే, తిట్లు కూడా అవే. కుర్చీ ఒక్కటే న్యూజెర్సీ నుంచి టల్సాకి వచ్చింది. ఆ కుర్చీ వచ్చిన పుణ్యానికి, పనిచేసే చోట అందరికీ కనబడేలా రెండు చోట్ల, మొత్తం 10 రోజులు, నా జీతం వివరాలతో నోటీసు అంటించాలట. పనిచేసే చోటంటే మా ఇల్లే.

ఇదే ఊళ్ళో ఇంకో పద్ధతి కూడా ఉంది. రిమోట్ ఉద్యోగం చేతిలో పట్టుకుని బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెడితే 10,000 డాలర్లు ఇచ్చే పథకం 2018 నుంచీ నడుస్తోంది. మా పక్కింటాయన అలాగే వచ్చాడు. ఆయన ఫ్రిజ్ మీద బార్బెక్యూ కూపన్ ఉంది.

ఈ నోటీసు ఎందుకయ్యా అంటే, అక్కడ పనిచేసే అమెరికన్లు చూడాలి, విదేశీయుడు తక్కువ కూలికి వచ్చి తమ నోటి కాడ కూడు లాక్కోవడం లేదని తేల్చుకోవాలి, అనుమానముంటే ఫిర్యాదు చేసుకోవాలి. బాగుంది. మా కార్యస్థలంలో జనాభా లెక్క తీశాను. నేను, హెచ్‌-4 వీసా (నా వీసాతో పాటు భార్యకిచ్చేది) మీద ఉన్న మా ఆవిడ, ఆరు నెలలకి వచ్చిన మామగారు, అత్తగారు. మిగిలిన ఏకైక అమెరికా పౌరుడు మా వాడు. నాలుగేళ్ళు. అక్షరాలు జీ దాకా వచ్చు. అగ్రరాజ్య శ్రామికవర్గ ప్రయోజనాలన్నీ ప్రస్తుతం ఆ భుజాల మీదే ఉన్నాయి. అందుకని చట్టాన్ని గౌరవించి, నోటీసుని వాడి కంటికి ఆనేలా నేల నుంచి మూడడుగుల ఎత్తులో అంటించాను. తిరుపతి మాగ్నెట్‌తో.

గోప్యత కోసం నోటీసులో నా పేరు ఉండదు. ‘కార్మికుల సంఖ్య: 1’ అని మాత్రమే ఉంటుంది. ఆ ఒక్కడూ ఎవడో కనిపెట్టడం మా ఇంట్లో చాలా కష్టం మరి.

మూడడుగుల ఎత్తు కాబట్టి మామగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చదివారు. తెనాలి దగ్గర హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, అచ్చులో ఏది కనబడినా వదలరు.

“అల్లుడుగారూ, ఇది మీ జీతమేనా?”

“అవునండీ.”

“ఇలా తలుపులకి అంటిస్తారా ఇక్కడ? మా ఊళ్ళో పన్ను బకాయిలున్న వాళ్ళ పేర్లే పంచాయతీ ఆఫీసులో అంటించేవాళ్ళు.”

“రూలండీ.”

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగారు. “పెళ్ళిచూపులప్పుడు మీ నాన్నగారు చెప్పిన అంకె ఇది కాదే.”

ఈ ఊళ్ళో ఖర్చులు తక్కువ కనుక కంపెనీ జీతం కూడా తగ్గించిందని వివరించాను.

“ఊరు మారితే హెచ్‌ఆర్‌ఏ తగ్గుతుంది. బేసిక్ తగ్గడమేంటండీ?”

ఈ ప్రశ్నకి అమెరికా కార్పొరేట్ ప్రపంచం దగ్గర జవాబుందేమో, నా దగ్గర లేదు.

“ఈ ప్రివైలింగ్ వేజ్ అంటే?”

“ఈ ఊళ్ళో ఈ పనికి నడుస్తున్న కూలి అండీ.”

“కూలి,” అన్నారాయన, నెమ్మదిగా. పొయ్యి దగ్గర్నుంచి అత్తగారు “ఎంతటండీ?” అన్నారు. “తర్వాత చెబుతాలే,” అన్నారు, ఊళ్ళో ఎవరో పోయిన కబురు దాచే గొంతుతో. రాత్రికి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడింది. తెల్లారేసరికి తోడల్లుడి ఫోను: “అన్నయ్యా, అక్కడంతా బాగానే ఉందా? ఏమన్నా సర్దమంటావా?”

రెండో ప్రతి క్లోజెట్ తలుపుకి. ఇంటి మధ్యలో, కిటికీలు లేని చిన్న గది అది. టోర్నడో వస్తే దాక్కోవాల్సిందీ అందులోనే, మా దేవుడి పటాలు ఉన్నదీ అందులోనే. ఇక్కడ బుధవారం మధ్యాహ్నం సైరన్ పరీక్షిస్తారని చెప్పడం మర్చిపోయాను. మామగారు అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి పరిగెత్తారు. నేను మీటింగులో ఉన్నాను. పది నిమిషాలకి తలుపు తీస్తే గోవింద నామాలు వినబడ్డాయి. బయటికొచ్చిన మామగారు తలుపు మీది కాగితాన్ని మరోసారి చూశారు. “తక్కువే,” అన్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఆ ఫ్రిజ్ ముందు రోజంతా నిలబడేది ఎవరు? మా ఆవిడ ఎం.టెక్. గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో మూడేళ్ళు పాఠాలు చెప్పింది. ఇక్కడికొచ్చి అయిదేళ్ళు. నా గ్రీన్ కార్డు ఫైల్లో ఐ-140 (నా కోసం కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదమైతే తప్ప తను ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేదు. కుర్చీ ఊరు మారింది కనుక ఆ ఫైలు మళ్ళీ మొదటికి వచ్చిందని లాయరు వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. మొన్న పక్కింటావిడ ఆవకాయ సీసా ఒకటి పుచ్చుకుని పది డాలర్లు ఇవ్వబోతే, మా ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. సొంత ఇంట్లో, సొంత చేత్తో కలిపిన ఆవకాయకి! మూడు గదుల అవతల తలుపేసుకుని కూర్చున్న నాకు ఈ వంటగది కార్యస్థలం. అక్కడే చచ్చేటట్టు పనిచేసే మనిషి చేసేది పనే కాదు. చేస్తే నేరం. ఏ పౌరుడి పొట్ట కొడుతోందిరా ఆవిడ? మా వాడిదా? వాడికి మూడు పూటలా అన్నం పెడుతోంది!

పదోరోజున నోటీసు తీసి, అంటించిన తేదీ, తీసిన తేదీ రాసి పంపించాను. లాయరు ఆఫీసు తిప్పికొట్టింది. జీతం అంకె మీద మా వాడు ఆకుపచ్చ క్రేయాన్‌తో డైనోసార్ వేశాడు. పౌరుడు తన హక్కు వాడుకున్నాడు. కింద ఎర్రసిరాతో తేదీ వేసి పొడి సంతకం చేసిన అధికారి ఎవరని కూడా అడిగారు. మామగారు ‘పరిశీలించాను’ అని రాసి మరీ చేశారు.

మళ్ళీ 10 రోజులు అంటించమన్నారు. ఈసారి మా ఆవిడే అంటించింది. పాల కోసం వెళ్ళినప్పుడు చూశాను. ‘కార్మికుల సంఖ్య’ దగ్గర ఒకటిని కొట్టేసి పెన్సిలుతో రెండు వేసి ఉంది. పాలు తీసుకుని తలుపు మెల్లగా మూశాను.