నెత్తురు పచ్చగా ఉంటే చాలు

వీడియో గేముల్లో నెత్తురు చూసి నల్లగొండ పిల్లలు చెడిపోతున్నారని మా కాలనీ పెద్దలు ఆందోళనకు దిగారు. వారి ఆవేదన నూటికి నూరుపాళ్లు న్యాయమని బాధ్యత గల పౌరుడిగా ధ్రువీకరిస్తున్నాను. వారిలో ఒక్కరూ అలాంటి గేమ్ ఆడి ఎరగరు. ఆడినవాడికి అనుమానాలొస్తాయి, ఆవేశం రాదు. ఉద్యమానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

నిజానికి దీనికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ మొబైల్ అనే తుపాకుల ఆటను ఆపేసింది. ఆపింది దేశ భద్రత, డేటా కారణాలతోనే గానీ, ఆ ఘనత తమ వాట్సాప్ గ్రూపుదేనని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో బుద్ధి తెచ్చుకుని వచ్చింది. తూటా తగిలితే ఇప్పుడు చిందేది ఆకుపచ్చ రంగు. చంపడాన్ని ‘ఫినిష్’ అంటారు. తుపాకులు మాత్రం పాతవే.

ఇంత గొప్ప విధానాన్ని ఫోన్లకే పరిమితం చేయడం అన్యాయం. ఆదివారం పొద్దున ప్రకాశం బజారుకు వెళ్లండి. మటన్ కొట్టు ముందు తండ్రి వేలు పట్టుకుని ఓ ఏడేళ్ల పిల్లవాడు నిలబడి ఉంటాడు. కళ్లెదుట కొక్కేనికి పొట్టేలు, మొద్దు మీద కత్తి దెబ్బలు, స్టీలు గిన్నెలో గడ్డకట్టిన నెత్తురు, అదే నల్ల. ‘‘జర నల్ల ఎక్కువెయ్యి కాకా, పోరనికి ఇష్టం’’ అంటాడు తండ్రి. ఎంత ఘోరం! ఇకపై పొట్టేళ్లన్నిటికీ పచ్చ నెత్తురే ఉండేట్టు పశుసంవర్ధక శాఖ చూసుకోవాలి.

దేవుళ్ల సంగతి మరీ సున్నితం. 2009లో హైదరాబాద్ కంపెనీ ఒకటి ప్లేస్టేషన్ 2కు హనుమంతుడి గేమ్ తయారుచేస్తే, స్వామిని మీటలు నొక్కి ఆడించడం అపచారమని అమెరికాలోని ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పారు. నిజమే కదా. నిమజ్జనం నాడు గణపయ్యను గాల్లోకి లేపే క్రేన్ డ్రైవర్ చేతిలో ఉండేవేమిటని మాత్రం అడక్కండి, మర్యాద కాదు.

సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇవ్వాలని తీర్మానమైంది. సాక్ష్యం కావాలి. 1993లో అమెరికా సెనేటర్లు కూడా మోర్టల్ కాంబాట్ అనే నెత్తుటి గేమ్ దృశ్యాలు వేయించుకుని చూసే మండిపడ్డారు. మరుసటి ఏడే అక్కడ గేములకు వయసు రేటింగులిచ్చే బోర్డు పుట్టింది. కాబట్టి పదో తరగతి కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఫోన్‌ను టీవీకి కలిపి, బీజీఎంఐ ఆడమన్నారు.

మొదటి ఆటకు అందరూ ఛీ అన్నారు. రెండో ఆటకు రిటైర్డ్ హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, ‘‘గోడెనక ఉన్నడు సూడు బిడ్డా!’’ అన్నారు. కోశాధికారి తూటాల లెక్క చూడసాగారు. చివరికి ఆటలో ఇద్దరే మిగిలినప్పుడు వినతిపత్రం రాస్తున్నాయన కలం కూడా ఆగిపోయింది. కుర్రాడు ఓడాడు. ‘‘ఇంకొక్కటి ఆడు, ఈసారి కొండ దిక్కు పో’’ అన్నారు హెడ్మాస్టరుగారు. ఆట మొదలవలేదు.

‘‘పద్దెనిమిదేళ్లు నిండనోళ్లకు రోజుకు మూడు గంటలే తాతా, ఐపోయినయ్.’’

‘‘గిదేం అన్యాయం రా!’’

వినతిపత్రంలో చివరి డిమాండ్ అప్పుడే చేరింది: సాక్ష్య సేకరణ ముగిసేదాకా మా కాలనీకి ఆ మూడు గంటల నిబంధన సడలించగలరు.